ధూళి చెప్పు సాక్ష్యము



నేను ముప్పదియైదు సంవత్సరములు పల్లెటూరి బడులలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. రసాయనశాలలో పని చేసినవాడను కాను. న్యాయస్థానమున వాదించినవాడను కాను. అట్టివాడు నేరపరిశోధనమున మన్ను, రంగు, లోహము ఇచ్చు సాక్ష్యమును గురించి ప్రసంగింప బూనుట యేమని మీకు తోపవచ్చును. దానికొక కారణము కలదు. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను దానితోనే మొదలుపెట్టెదను.

నేను పనిచేసిన ఒక ఊరిలో వానకాలమునకు ముందు బడి ఆవరణమంతయు ఎర్రని మొరము పోయించితిమి. ఆ వారములోనే బడి కంచుగంట మాయమయ్యెను. ఆ రాత్రి సన్నని జల్లు కురిసినది. మరునాడు ప్రొద్దున నేను వాకిట నిలిచి వచ్చు పిల్లలను చూచుచుంటిని. ఒక బాలుని కాళ్లకు చీలమండల దాక ఎర్రమన్ను అంటియుండెను. వాని ఇంటినుండి బడికి వచ్చు దారి యంతయు నల్లరేగడి. బడిలో తప్ప ఆ చుట్టుపట్ల ఎర్రమన్ను లేదని నా నమ్మకము. "రాత్రి ఇక్కడి కెందుకొచ్చావురా?" అని గద్దించితిని. "నేను రాలేదు మాస్టారూ" అని వాడనెను. పదిమంది పిల్లల యెదుట బెత్తము తీసితిని.

నాలుగు దినముల తరువాత గంట ఒక పాత సామానుల కొట్టులో దొరికెను. తీసినవాడు పొరుగూరివాడు. మరి ఆ బాలుని కాళ్ల మన్ను ఎక్కడిది? బడికి మొరము తోలిన బండివాడు మిగిలిన అరబండి మన్నును వాని ఇంటి వాకిట కుమ్మరించి పోయినాడట. ఒకే గుట్ట మన్ను, ఒకే బండి మన్ను. నా కన్ను చూచినది నిజమే. నా బుద్ధి చెప్పినది అబద్ధము.

ఆ నాటినుండి, మన్ను చూచి మనిషిని పట్టుట యెట్లు, ఎంతవరకు అది న్యాయము అను ప్రశ్న నన్ను విడువలేదు. దొరికినంతవరకు ఆ విషయమును గూర్చి చదివితిని, తెలిసినవారి నడిగితిని. అట్లు నేర్చుకొన్న దానిని నేడు మీకు మనవి చేసెదను.

ఈ శాస్త్రమునకు మూలమైన సూత్రము మిక్కిలి తేలికయైనది. రెండు వస్తువులు ఒకదాని నొకటి తాకినప్పుడు దీనిది కొంత దానికిని, దానిది కొంత దీనికిని అంటుకొనును. సున్నము వేసిన గోడకు ఆనుకొన్నవాని వీపు ఆ సంగతి చెప్పును. పసుపు దంచిన ఇల్లాలి చేయి చెప్పును. కల్లములో పనిచేసి వచ్చినవాని తలపాగ చెప్పును. నేరము చేసినవాడు మనుష్యుల కన్నుల నుండి తప్పించుకొనవచ్చును గాని, తాను త్రొక్కిన నేలనుండి, తాను పగులగొట్టిన తలుపునుండి తప్పించుకొనజాలడు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో 1910వ సంవత్సరమున న్యాయస్థాన భవనముపై అటకగదులు రెండింటిలో ఒక పరిశోధనాలయము నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్ అను పండితుడు ఈ సూత్రమును లోకమున నిలిపెను.

ఆయనకు ముందే ఆస్ట్రియా దేశపు గ్రాట్జు నగరమున హాన్స్ గ్రాస్ అను నేరవిచారణాధికారి యుండెను. నిందితుని నోటినుండి రప్పించిన మాటలకంటె వాని పాదరక్షల బురద ఎక్కువ తెలుపవచ్చునని ఆయన అభిప్రాయము. విచారణాధికారులకై 1893లో ఆయన ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. దానిని ఈ దేశపు పద్ధతులకు అనుగుణముగ మార్చి ఆంగ్లమున అచ్చువేసినది ఎక్కడననుకొందురు? మన చెన్నపట్టణముననే; 1906వ సంవత్సరమున. అప్పటికి కోస్తా జిల్లాలకును రాయలసీమకును రాజధాని చెన్నపట్టణమే కదా! అంతకు చాల ముందే, 1849లో, అచ్చటనే ప్రభుత్వ రసాయన పరీక్షకుని శాల యేర్పడినది. అచ్చట ముఖ్యముగా జరుగుచుండినది విషపరీక్ష. మరింత వెనుకకు పోయినచో, హఠాత్తుగా మరణించినవాని శరీరమునకు నూనె పూసి గురుతులను పరీక్షింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించియున్నాడు. కావున మూగవస్తువుల నడిగి నిజము తెలిసికొనుట మనకు క్రొత్త విద్య కాదు. అడుగు సాధనములు మాత్రము క్రొత్తవి.

ఇక మన్ను సంగతి చూతము.

మన్నంతయు ఒకటి కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. నేలను నమ్ముకొన్నవారు మీరు. నల్లరాతి నుండి అరిగి వచ్చినది నల్లరేగడి. గ్రానైటు జాతి రాళ్లు అరిగి వచ్చినది ఎర్రచెలక. గోదావరి, కృష్ణ తెచ్చి పరచినది ఒండ్రు. భీమునిపట్నపు సముద్రతీరమున చిటికెడు ఇసుక తీసి చూచినచో అందులో కెంపుల వంటి ఎర్రని గార్నెట్ రేణువులును, నల్లని ఇల్మనైటు రేణువులును కనబడును. ఇంతేకాదు, ఒక్క ఊరిలోనే పెంటదిబ్బ మన్ను వేరు, కమ్మరికొలిమి ముంగిటి మన్ను వేరు, ఇటుకబట్టీ మన్ను వేరు. ఒకచోట బొగ్గుపొడి, ఒకచోట సిమెంటు, ఒకచోట ఇనుపచిట్టెము, ఒకచోట పూల పుప్పొడి కలిసియుండును. ప్రకృతి కలిపినది కొంత, మనుష్యుడు కలిపినది కొంత. ఈ కలయికయే మన్నుకు గురుతు.

పరీక్షకుడు మొదట మన్నును ఆరబెట్టును. ఏలయన, తడిమన్ను రంగు వేరు, పొడిమన్ను రంగు వేరు. రెండు నమూనాలను ఒకే వెలుతురులో ఉంచి రంగు పోల్చును. పిమ్మట సన్నని జల్లెళ్ల వరుసలో జల్లించి, గరుకెంత, మెత్తనెంత యని చూచును. తరువాత సూక్ష్మదర్శినిలో పెట్టి, రేణువులు ఏ ఖనిజములకు చెందినవో గుర్తించి లెక్కించును. ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి ఖనిజముల లోని అణువుల అమరికను కూడ తెలిసికొనును. ఇన్ని మెట్లలో ఎక్కడనైనను స్పష్టమైన భేదము కనబడెనా, "ఈ మన్ను ఆ చోటిది కాదు" అని చెప్పివేయును. ఏ మెట్టునను భేదము కనబడనిచో "ఆ చోటిదే" అనడు. "ఆ చోటిది కావచ్చును" అని మాత్రమే యనును. ఈ రెండు మాటలకు గల తేడాను దయచేసి మనస్సున ఉంచుకొనుడు. నా ప్రసంగమంతయు ఆ తేడా చుట్టునే తిరుగును.

ఈ విద్య ఎంత దూరము పోగలదో తెలుపుటకు జర్మనీ దేశమున జరిగిన ఒక సంగతి చెప్పెదను. ఫ్రాంక్‌ఫర్టు నగరమున గెయోర్గ్ పాప్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఉండెను. 1908లో రాకెన్‌హౌజెన్ అను ఊరి సమీపమున ఒక స్త్రీ హత్య జరిగెను. అచ్చటి ప్రభుత్వ న్యాయవాది నేను ముందు చెప్పిన గ్రాస్‌గారి గ్రంథము చదివినవాడగుటచే పాప్‌గారిని రప్పించెను. అనుమానింపబడినవాడు కర్మాగారమున పనిచేయుచు సేద్యము కూడ చేయువాడు. దొంగతనముగ వేటాడువాడను అపకీర్తి వానికి ముందే కలదు. కాని అపకీర్తి సాక్ష్యము కాదు కదా! ఆ దినమున తాను తన పొలములలో తిరిగితినే గాని హత్య జరిగిన వైపునకు పోలేదని వాడు చెప్పెను. వాని భార్య, ముందునాటి రాత్రి ఆ పాదరక్షలను తాను శుభ్రపరచితినని చెప్పెను.

పాప్ ఆ పాదరక్షలను చేతికి తీసికొని మడమ ముందుభాగమున గట్టిపడిన మన్నును చూచెను. అది ఒకే ముద్ద కాదు. పొరలు పొరలుగా నుండెను. చర్మమును అంటియున్న పొర అన్నిటికంటె ముందు అంటినది. పైపొర అన్నిటికంటె తరువాత అంటినది. ఆ పొరలను ఒకటొకటిగా విడదీసి పరీక్షించెను. మొదటి పొరలో బాతుజాతి పక్షుల రెట్ట కలిసిన మన్ను. అది అనుమానితుని ఇంటి ముంగిటి మన్నును పోలెను. రెండవ పొరలో ఎర్రని ఇసుకరాతి తునుకలు. అవి శవము దొరికిన చోటి మన్నును పోలెను. మూడవదైన పైపొరలో ఇటుకపొడి, బొగ్గుపొడి, సిమెంటు. అవి ఒక పాడుపడిన కోట యొద్ద, అనుమానితుని తుపాకియు బట్టలును దాచబడి దొరికిన చోటి మన్నును పోలెను. ఇల్లు, హత్యాస్థలము, దాచిన చోటు: ఒక దినపు నడక యంతయు ఆ మడమపై వరుస తప్పక వ్రాయబడియుండెను.

పాప్ అంతటితో ఆగలేదు. ఆయన గొప్పతన మంతయు ఇక్కడనే యున్నది. "నేను నా పొలములలో తిరిగితిని" అని నిందితుడు చెప్పెను గదా. ఆ మాట నిజమేమో చూతమని ఆ పొలముల మన్నును కూడ తెప్పించి పరీక్షించెను. ఆ పొలముల నేలలో పాలవంటి తెల్లని స్ఫటికశిల రేణువు లుండెను. ఆ దినమున నేల తడిగా నుండెను గనుక అచ్చట నడిచియుండిన పాదరక్షలకు అవి అంటి తీరవలెను. పాదరక్షలపై అట్టి రేణువు ఒక్కటియు లేదు. ఉన్నదానిని చూచుట అందరును చేయుదురు. లేనిదానిని వెదకి, అది లేదని తేల్చుట శాస్త్రజ్ఞుని పని.

ఈ కథలో నేను మీకు చూపగోరినది తీర్పు కాదు, తీరు. నేను బడి వాకిట నిలిచి ఆ బాలుని కాళ్లు చూచితినే గాని వాని ఇంటి వాకిలి చూడలేదు. పాప్ చేసినదియు నేను చేయనిదియు ఆ ఒక్క పనియే.

ఇక రంగు సంగతి.

ఊరి దేవాలయపు తలుపును తలచుకొనుడు. ఏటేట ఉత్సవమునకు ముందు దానికి రంగు వేయింతురు. ఒకయేడు పచ్చ, ఒకయేడు నీలము, మరియొకయేడు గోధుమవన్నె. పాతది గీకి వేయరు. దానిపైననే క్రొత్తది పూయుదురు. ఒక దొంగ గడ్డపారతో ఆ తలుపు పెకలించెననుకొందము. గడ్డపార మొనకు గోటిలో సగమంత రంగుపెచ్చు అంటుకొనెను. పరీక్షకుడు ఆ పెచ్చును నిలువుగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో పచ్చ, నీలము, గోధుమ అను పొరలు తాటాకు కట్టలోని ఆకులవలె ఒకదానిపై నొకటి వరుసగ కనబడును. పరారుణ కిరణములతో ఒక్కొక్క పొర ఏ నూనెతో, ఏ జిగురుతో చేయబడినదో తెలిసికొనును. తలుపు మీది పొరల వరుసయు, పెచ్చు మీది పొరల వరుసయు, వాని మందములును, ద్రవ్యములును సరిపోయినచో అది బలమైన సాక్ష్యము. పొరలు పెరిగినకొలది కాకతాళీయముగ సరిపోవు అవకాశము తగ్గును. పెచ్చు విరిగిన అంచు తలుపు మీది గంటుతో, చినిగిన కాగితపు రెండు ముక్కలవలె, అతికినట్లు కూడినచో అంతకు మించిన సాక్ష్యము ఇంకొకటి లేదు.

రాత్రివేళ రహదారిపై నడచువానిని గ్రుద్ది ఆగక పోయిన మోటారు బండిని పట్టుటకును ఈ పద్ధతియే వాడుదురు. మృతుని బట్టలలో చిక్కిన రంగు తునుకను చూచి, తుప్పు పట్టకుండ వేయు అడుగుపూత, మధ్యపూత, రంగుపూత, పైన నిగారింపు పూత యెట్టివో తెలిసికొని, ఇది ఏ కర్మాగారమువారి బండియో, ఏయే సంవత్సరములలో చేయబడినదో ఊహింపగలరు. కెనడా దేశపు పోలీసువారు అట్టి పూతల వివరములను పెద్ద భాండాగారముగ కూర్చియుంచిరి. కాని ఇక్కడ కూడ జాగ్రత్త యవసరము. కర్మాగారము నుండి ఒకే రంగున వేలకొలది బండ్లు బయలుదేరును. కర్మాగారపు పూతలు మాత్రమే సరిపోయినచో "ఇట్టి బండి" అని చెప్పవచ్చును గాని "ఈ బండి" అని చెప్పరాదు. ఆ బండి యజమాని తరువాత ఎప్పుడో మరమ్మతు చేయించి మరల రంగు వేయించియున్న యెడల, ఆ వింత పొర కూడ సరిపోయినప్పుడు, "ఇట్టి" యనుమాట "ఈ" యనుమాటకు చాల దగ్గర పడును.

మూడవది లోహము.

కంసాలి ఒరగల్లుపై గీత గీచి బంగారపు వన్నె చెప్పును. కాని ఆ నగ ఎవరిదో ఒరగల్లు చెప్పదు. ఈ చిన్న సత్యమును మరచిపోయి, గొప్ప దేశమొకటి చాలకాలము పొరబడినది. అమెరికా దేశపు కేంద్ర నేరపరిశోధన శాఖవారు, హతుని శరీరమున దొరికిన సీసపు గుండులోను, నిందితుని ఇంట దొరికిన గుండ్లలోను ఆంటిమొని, ఆర్సెనిక్, రాగి, వెండి మొదలగునవి ఏపాటి కలిసియున్నవో అతి సూక్ష్మముగ కొలిచి పోల్చుచుండెడివారు. కొలతలు సరిపోయినచో, ఈ రెండును ఒకే సీసపు పోతనుండి, కొన్నిసార్లు ఒకే పెట్టెనుండి వచ్చియుండునని న్యాయస్థానములలో చెప్పుచుండెడివారు. ఈ పద్ధతి దశాబ్దముల తరబడి సాగినది.

2004లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన పరిషత్తునకు చెందిన పండితసభ దీనిని విమర్శించి చూచెను. కొలుచు యంత్రములలో దోషము లేదు. దోషము తర్కములో నున్నది. ఒకేవిధమైన సీసపు పోతనుండి తయారగు చిన్నగుండ్లు తక్కువలో తక్కువ 12 వేలు, ఎక్కువలో ఎక్కువ 3 కోట్ల 50 లక్షల వరకు ఉండవచ్చునని వారు తేల్చిరి. ఒక్క పోత గుండ్లే ఒక ప్రాంతపు అంగళ్లకు గంపగుత్తగ పోవచ్చును. అట్టిచోట ఊరిలో సగముమంది ఇండ్లలోని గుండ్లు హతుని శరీరములోని గుండుతో సరిపోవచ్చును! మరుసటి సంవత్సరము, 2005లో, ఆ శాఖవారు ఆ పరీక్షను శాశ్వతముగ మానివేసిరి. మహాశయులారా, బండివాడు రెండుచోట్ల కుమ్మరించిన మొరము కథయే ఇది. నా తప్పునకు ఒక బాలుని అరచేయి కందినది. ఆ తప్పునకు కారాగారముల తలుపులు మూతపడినవి.

మన సంస్కృత నాటకములలో శూద్రకుని మృచ్ఛకటికమును పండితులెల్లరు ఎరుగుదురు. అందులో చారుదత్తునిపై హత్యానేరము మోపబడి విచారణ జరుగునప్పుడు, ఆయన మిత్రుడైన మైత్రేయుని చంకనుండి వసంతసేన నగలు న్యాయసభలో జారిపడును. న్యాయాధికారి వానిని వసంతసేన తల్లికి చూపి గుర్తింపుమనగా, పోలియున్నవి గాని అవియే కావని ఆమె చెప్పును. ఒక వస్తువును చూచి శిల్పి దానివంటిదే మరియొకటి చేయగలడు గనుక పోలిక యుండుట సంభవమేయని న్యాయాధికారియు అంగీకరించును. అమెరికా పండితసభ 2004లో సీసపు గుండ్లను గూర్చి చెప్పినదానికిని, ఎన్నో శతాబ్దముల క్రిందటి ఈ మాటకును అర్థము ఒక్కటియే. సాదృశ్యము వేరు, అభేదము వేరు.

అంతటితో కథ ముగియలేదు. ఆ నగలు నిజముగ వసంతసేనవే. చారుదత్తుడే ఒప్పుకొనును. తోటలో ఒక స్త్రీ శవము కనబడుటయు నిజమే. చారుదత్తుని బండిలో ఆమె తోటకు పోయెనన్న సాక్ష్యమును లభించెను. ఇన్ని నిజములు చేరి ఒక అబద్ధమైనవి! చారుదత్తునికి మరణశిక్ష విధింపబడెను. వధ్యస్థానమునకు వసంతసేన సజీవముగ వచ్చుటచే ఆయన బ్రతికెను. నగలు చారుదత్తుని ఇంటికి చేరిన కారణము వేరు. ఆయన చిన్నకుమారుడు మట్టిబండి వద్దని యేడ్వగా, బంగారుబండి చేయించుకొనుమని ఆమెయే ప్రేమతో ఇచ్చినది. ఆ సంగతి ఆ సభలో వెలికి రాలేదు.

తర్కశాస్త్రము చదివినవారికి ఇందలి మర్మము తెలియును. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పు లేనిచోట పొగ యుండదు. కావున పొగ మంచి హేతువు. సాధ్యము లేనిచోట కూడ కనబడు హేతువును సవ్యభిచారమందురు, అది దుష్టహేతువు. ఎర్రమన్ను బడిలోను ఉండెను, బడి కానిచోటను ఉండెను. కావున అది దొంగను పట్టియిచ్చు హేతువు కాజాలదు. కావున మన్ను గాని, రంగు గాని, లోహము గాని సాక్ష్యమునకు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వరుసగ అడుగవలెను. ఈ రెండును పోలియున్నవా? ఇది మొదటిది. ఇట్టివి లోకమున ఇంకెన్ని చోట్ల, ఎంత విరివిగ నున్నవి? ఇది రెండవది. ఇది ఇక్కడికి వేరొక దారిని రాగలదా? ఇది మూడవది. మొదటి ప్రశ్నకు యంత్రము బదులు చెప్పును. రెండవదానికి పరీక్షకుని అనుభవము చెప్పును. మూడవదానికి ఏ ప్రయోగశాలయు చెప్పజాలదు, ఊరివారు చెప్పవలెను. అక్కడనే మీ పని యున్నది.

ఇప్పుడు చట్టమేమి చెప్పుచున్నదో చూతము. నిపుణుని అభిప్రాయము విచారణకు ఉపయోగపడునని 1872 నాటి సాక్ష్యచట్టపు 45వ విభాగము చెప్పుచుండెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములో అది 39వ విభాగమైనది. అదే దినమున అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహితలో ఒక క్రొత్త నియమము కలదు. ఏడు సంవత్సరములు గాని అంతకు మించి గాని శిక్షకు తగిన నేరములలో, శాస్త్రనిపుణుడు స్వయముగ నేరస్థలమునకు పోయి సాక్ష్యము సేకరింపవలెను. దీనిని ఏర్పాటు చేసికొనుటకు రాష్ట్రములకు ఐదు సంవత్సరముల లోపు గడువీయబడినది. మంచిదే. కాని నిపుణుడు పట్టణమునుండి వచ్చునప్పటికి ఎన్ని గంటలగును? అంతలో ఊరంతయు ఆ చోటు త్రొక్కివేసినచో ఆయన వచ్చి చూచునది మన పాదముల ధూళినే కదా!

కావున పెద్దలైన మీకు నాలుగు మనవులు.

మొదటిది: ఊరిలో ఘోరము జరిగినప్పుడు జనమును, పశువులను దూరముగ నిలుపుడు. ఒక త్రాడు కట్టుడు. అడుగుజాడ కనబడినచో దానిని తాకక, వాన వచ్చునట్లున్న యెడల ఒక గంపనో తొట్టినో దానిపై జాగ్రత్తగ బోర్లించుడు. వాకిలి కడుగనీయకుడు, ఊడ్వనీయకుడు, కళ్లాపి చల్లనీయకుడు.

రెండవది: పోలీసువారు పంచనామాకు మిమ్ము పిలిచినప్పుడు నిలిచి చూడుడు. హతుని బట్టలను, అనుమానితుని బట్టలను ఒకే మూటలో కట్టనీయకుడు. ఒకదాని మన్ను మరియొకదానికి అంటినచో సాక్ష్యము చచ్చినట్లే. తడిసిన బట్టలను నీడన ఆరనిచ్చి కాగితపు సంచులలో వేరువేరుగ కట్టవలెను. ప్లాస్టికు సంచిలో తడిబట్ట బూజుపట్టి చెడును.

మూడవది: చదివి వినిపింపుమని యడిగి, మీ కన్నులతో చూచినది మాత్రమే అందులో నున్నదని నిశ్చయించుకొని, అప్పుడే చేవ్రాలు చేయుడు. మీరు చేసిన ఒక్క సంతకముపై ఒక మనుష్యుని జీవితము ఆధారపడియుండును. కాగితము మడిచి "ఇక్కడ పెట్టండి" అన్నప్పుడు మొగమాటపడకుడు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. నేరస్థలపు మన్ను తీసినప్పుడు, "అయ్యా, ఈతని ఇంటి వాకిటి మన్ను, ఈతడు తిరిగితినన్న పొలపు మన్ను కూడ తీసితిరా?" అని అడుగుడు. ఈ ప్రశ్న అడుగుట నేరస్థుని కాపాడుట కాదు. నేరస్థుడైనచో ఆ మన్నే వానిని ఇంకను గట్టిగ పట్టియిచ్చును. పాప్‌గారి కథలో అట్లే జరిగెను. నిర్దోషియైనచో ఆ మన్నే వానిని విడిపించును. ఎటు పోయినను నిజమునకే లాభము.

మన ఊళ్లలో అనుమానము అగ్గివలె ప్రాకును. ఇదివరకు చిన్న దొంగతనము చేసినవాడు, వలస వచ్చినవాడు, పేదవాడు, మాటకారి కానివాడు, వీరిపైననే మొదట వ్రేలు చూపుదురు. వ్రేలు చూపినవానికి మరునాటికి ఆ మాట గుర్తుండదు. చూపించుకొన్నవానికి మరణ పర్యంతము గుర్తుండును. ధూళికి కులము తెలియదు, పలుకుబడి తెలియదు, లంచము పుచ్చుకొనదు. అది యబద్ధ మాడదు. కాని అది పలుకునది మిక్కిలి కొద్ది మాటలు. మిగిలిన మాటలు మనమే దాని నోట పెట్టుచుందుము. మనము పెట్టిన మాటలకు ధూళిని సాక్షిగ చూపుట అధర్మము.

ఆ బాలుడు వారము దినములు బడికి రాలేదు. గంట దొరికిన పిమ్మట నేనే వాని ఇంటికి పోయితిని. వాకిట అడుగుపెట్టగనే ఎర్రమొరము నా చెప్పులకు అంటుకొనెను. వాని తండ్రి మంచము వాల్చి కూర్చుండుమనెను. నేను క్షమింపుమని యడిగితిని. ఆయన కోపపడలేదు. "మన్నెక్కడిదని ఒక్కమాట అడిగుంటే చెప్పేవాణ్ణి గదా పంతులుగారూ" అని మాత్రమనెను.

ఆ ఒక్కమాట అడుగుడని మిమ్ము వేడుకొని సెలవు గైకొనుచున్నాను.